మంచుకొండకు కట్టిన పడవ

చెల్లెమ్మా రాగ్నా,

ప్రభువుకు స్తోత్రం. ముందు ఈ మాట చదువు: నీ భర్త స్వెర్రే క్షేమం, నేనూ మన తమ్ముడు హాల్వరూ క్షేమం. రేవులో ఎవరేం చెప్పినా బెంగపడకు. శనివారానికి ఇల్లు చేరతాం.

హిమానీనదం ముందు, సముద్రం పాటు మీద, నీరు వెనక్కి తీసి ఉన్నప్పుడు, అడుగు నేలకు ఆని కదలకుండా నిలిచిన మంచుకొండకు పడవ కట్టాం. చేపల పెట్టెలోకి మంచు పగలగొట్టుకున్నాక నేను వాక్యం తెరిచాను. బండమీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుడి ఉపమానం. ఎంతసేపు చెప్పానో, ఆపై కళ్లు మూసి ఎంతసేపు ప్రార్థించానో నాకే తెలియదు. ఈలోగా పోటు వచ్చేసింది.

"బావా, ఇక ఆమెన్ అనెయ్! కొండ తేలుతోంది!" అని అరిచాడు స్వెర్రే.

"తొందరపెట్టేవాడు సైతానే" అన్నాను, కళ్లు తెరవకుండానే.

"అయితే నేనే అంటున్నా, ఆమెన్!" అంటూ చేపల కత్తితో తాడు తెగ్గోసి ఇంజను వేశాడు. పడవ కాస్త దూరం జరిగిందో లేదో, ఆ కొండ బోర్లా తిరగబడింది. లేచిన అలకు కాఫీ కెటిల్ కొట్టుకుపోయింది, నా బైబిలు తడిసి ముద్దయింది. ప్రాణాలు మాత్రం దక్కాయి.

తెగింది నువ్వు కొనిచ్చిన కొత్త తాడే. దాని గురించి అతన్ని ఒక్క మాట అనకు. తప్పు నాది. నాన్న దగ్గర పాటుపోట్లు నేర్చుకున్నవాణ్ణి, మంచును బండ అనుకున్నాను.

నా ప్రార్థనకు ఇరవయ్యేళ్లుగా ఆమెన్ అనని మనిషని అతన్ని నీ ముందు ఎన్నిసార్లు దెప్పానో! ఆరోజు ముందు అతనే అన్నాడు. నేను ఆ తర్వాత, తడిసిన బైబిలు పట్టుకుని అన్నాను.

నీ అన్న