నిద్రపోతున్న ముగి

పోయిన నవంబరు పదో తేదీ పొద్దున నా భార్య ఇసో గంజి తాగి పనికి కూర్చుంది. మధ్యాహ్నం చేతులు చల్లబడుతున్నాయని కుంపటి దగ్గరికి జరిగింది. చీకటి పడకముందే పోయింది. చేస్తున్న మైనపు పిల్లికి ఎడమ చెవి సగంలో ఉంది.

తకావోకా, కనయా వీధిలో ఉండే నొజిరి సెయిజో అనే నేను, యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, పూర్తి తెలివితో, ఎవరూ చెప్పకుండానే ఇది రాస్తున్నాను. నా ఊపిరితిత్తులు చెడ్డాయి. కొలిమి దగ్గర నిలబడొద్దని డాక్టరు అన్నాడు. నిలబడాల్సిన పని ఒకటుంది.

1. ఇల్లు, పుస్తకాలు, నేను కళాశాలలో గీసిన బొమ్మల కట్ట మా అమ్మాయి నాకాకు.

2. ఉలులు ఇసో వాళ్ళన్న, మా బావ కంజిరోకు. పాతికేళ్ళు ఇసో మైనంతో చేసిన డేగలు, కోతులు, పులులు ఆయన కొలిమిలో కంచై, అడుగున ఆయన ముద్రతో యొకొహామాలో ఓడెక్కాయి. ఒక్కటైనా ఇంట్లో ఉంచుకుంటామంటే, "అమ్ముడుపోనిది ఉంచుకోండి" అన్నాడు. నేను మరిచిపోలేదు. అయినా ఉలులు నూరడం ఆయనకే తెలుసు.

3. మా ముసలి పిల్లి ముగికి రోజూ ఒక చేప తల పెట్టాలి. ఇసో పులిని ఎన్నడూ చూడలేదు. ముగిని చూసే చేసేది. "ఏమండీ, దీనికి కాస్త కోపం తెప్పించండి. దొరలకు కోరలు కావాలట" అనేది. నేను తోక లాగేవాణ్ణి. ఎవరి ఇళ్ళలోనో ముగి ఇంకా పళ్ళు బయటపెట్టి నిలబడి ఉంది. ఆ ఇళ్ళు నేను చూడను.

చివరిసారి నిద్రపోతున్న ముగిని చేసింది. అలాంటిది ఎవరూ అడగలేదు. "ఇది అమ్ముడుపోదులెండి" అని నవ్వింది.

4. ఆ మైనపు బొమ్మ కరగకుండా ఆర్నెల్లుగా బావి పక్క కుండలో ఉంది. ఎండలకు వీపు మీద ఆమె వేలి గుర్తులు చదునవుతున్నాయి. ఈ వేసవి దాటదు. కంచు పోత పోయాలంటే పైన మట్టి పూసి, ముందు లోపలి మైనాన్ని కరిగించెయ్యాలి. కంచు సరిగా దిగకపోతే రెండూ ఉండవు.

కుదిరితే పిల్లి నాకాది. అమ్మకూడదు. ముద్ర వెయ్యకూడదు. చెవిని ఎవరూ సరిచెయ్యకూడదు. కుదరకపోతే బావను తప్పుపట్టవద్దు. కరిగి కారిన మైనం పళ్ళెంలో పట్టి నాకాకే ఇవ్వాలి. ఆ డేగలు, ఆ కోతులు, అన్నీ కరిగించి మళ్ళీ మళ్ళీ వాడిన ఆ మైనమే.

మెయిజీ చక్రవర్తి ఏలుబడి 44వ ఏడు, మే 19.
(సంతకం) నొజిరి సెయిజో
సాక్షులు: డాక్టరు హయాకవా రియోసకు, పక్కింటి లక్కపనివాడు ఒగురా తొకుమత్సు

సంతకాలయ్యాక రాస్తున్నది: మట్టి పూత ఎప్పుడూ నా పనే. పూత పడ్డాక ఆమె వేలి గుర్తులు ఇక కనబడవు. రేపు తెల్లవారగానే బొమ్మను బయటికి తీసి, కాసేపు చూసి, చెవి దగ్గర మొదలుపెడతాను.