అట్ట మీద లేని అక్షరాలు

బోధన్,
జూలై, 1968

బాపూ,

నీ ఉత్తరం అందింది. చెల్లె హన్మికి చదువు రావడం లేదని, దాన్ని బడి మాన్పించి చెరుకు కలుపుకు పంపుతున్నావని రాజమల్లన్న చేత రాయించావు. ఆ మాట చదివి అన్నం ముట్టలేకపోయాను. మన ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. నా తర్వాత అది చదవాలని ఎంత ఆశపడ్డానో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న నేను పాఠాలు చెప్పే బడికి నిజామాబాద్ నుంచి కండ్ల డాక్టరు వచ్చాడు. అక్షరాల అట్టను ముందే టపాలో పంపారు. బడి పరువు పోవద్దని మా పెద్దసారు దాన్ని గోడకు కట్టి, ఎక్కాల్లాగే పిల్లలందరితో వల్లె వేయించాడు. పిల్లలు గడగడా చెప్పేస్తుంటే డాక్టరుకు అనుమానం వచ్చింది. సంచిలోంచి ఇంకో అట్ట తీసి తగిలించాడు. అప్పుడు లేచింది హసీనా, రెండో తరగతి పిల్ల. పాత అట్ట మీదున్నదంతా తప్పు పోకుండా చదివింది. పిల్లలు పకపకా నవ్వారు.

"నవ్వకుండ్రి. ఈ బిడ్డకు అట్టనే కనవడతలేదు" అన్నాడు డాక్టరు.

నాకు హన్మి గుర్తొచ్చింది. కాలువ గట్టు మీద నడిస్తే నా కొంగు వదలదు. ఎదురొచ్చే మనిషిని గొంతు విని గుర్తుపడుతుంది. మొద్దు అని అందరం నవ్వాం.

దాన్ని నిజామాబాద్ దవాఖానకు తీసుకురా. "అద్దాలు పెట్టిన పిల్లను ఎవడు చేసుకుంటడు" అని అవ్వ అంటుంది. ఆ మాటకు నువ్వు ఆగిపోతే నేనే వచ్చి తీసుకుపోతాను. మళ్లీ ఆ గడప తొక్కను.

నీ బిడ్డ,
రేణుక

బోధన్,
దసరా ముందు

బాపూ,

ఆ రోజు దవాఖాన నుంచి హన్మిని నాకు అప్పగించి నువ్వొక్కడివే ఊరి బస్సెక్కావు. నేను నీతో కొట్లాడాలనే వచ్చాను. కుడి కంటికి అద్దాలు సరిపోతాయి కానీ ఎడమ కంటి చూపు ఇక రాదని, బడిలో వేసేటప్పుడే చూపించి ఉంటే దక్కేదని డాక్టరు చెప్పాడు. నువ్వు తల రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నావు. "నాదొకటి తీసి పెట్టరాదా సారూ. పొలం సూసుకునేటందుకు నాకు ఒక్కటి సాలు" అన్నావు. నా కొట్లాట నోట్లోనే పోయింది.

ఇక్కడికి తెచ్చుకుని, అద్దాలు పెట్టించి మా బడిలో వేశాక హన్మి ఏమందో తెలుసా? "అక్కా, బోర్డు మీద ఉన్నది అందరు ఇని సెప్తరనుకున్న. అది కనవడ్తదని నాకెవరు సెప్పలే." దాన్ని దగ్గరికి పిలిచి ఎవరం అడగలేదు, బాపూ. నువ్వొక్కడివే కాదు.

వచ్చే ఏడు నుంచి మా బడిలో కండ్లు చూశాకే ఒకటో తరగతిలో పేరు రాస్తాం. ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తాం. అట్ట అంతదాకా బీరువాలోనే. "తాళంచెవి నీ దగ్గరనే ఉంచుకో బిడ్డా, నా మీద నాకే నమ్మకం లేదు" అన్నాడు పెద్దసారు.

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. సెలవులకు వస్తున్న హన్మి చేతికే ఇస్తున్నాను. చదవడానికి రాజమల్లన్నను పిలవకు. అద్దాలు వచ్చిన నాటి నుంచి రోజూ రాత్రి దానికి నేనే చదువు చెప్తున్నాను. ఎడమ కంటి సంగతి దానికి తెలుసు. ఆ మాట దగ్గర అది ఆగితే, కొంచెం ఓపిక పట్టు.

హన్మీ, ఇక్కడిదాకా చదివావు కదా. ఇప్పుడు తలెత్తి బాపు మొహం చూడు.

మీ
రేణుక