పేరు పెట్టొద్దన్న పుంజు

నవంబర్ 18, సోమవారం

దానమ్మ తన కోడిపెట్టను మా పెరట్లో దింపి వెళ్ళింది. గంపలో పెట్ట, దాని రెక్కల కింద నిన్ననే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన తొమ్మిది పిల్లలు.

దానమ్మ మా వీధిలో చేపలమ్ముతుంది. మేం నీచు ముట్టం. అయినా బుట్ట ఖాళీ అయ్యాక ఆమె కూర్చునేది మా అరుగు మీదే, తాగేది మా మజ్జిగే. కూతురు రాణికి ఏడో నెల. కిందటేడు ఒక కాన్పు చెడిపోయింది. ఈసారి మంచం దిగొద్దని విశాఖలో డాక్టరమ్మ చెప్పిందట. తోడుగా దానమ్మ వెళ్తోంది. దానమ్మ మొగుడు లక్ష్ముడు గుజరాత్‌లో వేరావల్ బోటు మీద ఉన్నాడు. ఇంటికి తాళం.

మీ ఊళ్ళో ఎవరికైనా ఇవ్వొచ్చు కదా అన్నాను. “ఎవులింట ఎట్టినా నేనొచ్చీసరికి కూరైపోతాది. నువ్వయితే తినవు కదమ్మా” అంది. గంపను నీడకు జరిపాను.

వెళ్తూ రెండు మాటలు చెప్పింది. బిడ్డ క్షేమంగా పుడితే ఈ పిల్లల్లోంచి ఒక పుంజును వాళ్ళ ఊరి అమ్మవారికి ఇస్తానని మొక్కుకుంది. తన పెట్ట పొదిగినదే అయి ఉండాలి. సంతలో కొన్నది పనికిరాదు. ఎర్రగా ఉన్న పిల్ల తప్పకుండా పుంజవుతుందట, అదే అమ్మవారిది. రెండో మాట: “పేర్లు మాత్రం ఎట్టకు. పేరెట్టినోడిని కొయ్యలేం.”

సరేనన్నాను. కోళ్ళకు పేర్లు పెట్టేంత తీరిక నాకెక్కడిది.

నవంబర్ 19

మా ఆయనకు నిన్న చెప్పలేదు. ఇవాళ శిష్యులకు వయొలిన్ పాఠం చెప్తుంటే మధ్యలో పెట్ట అరుపు ఆయనకే వినపడింది. కోప్పడతారనుకున్నాను. వెళ్ళి గంప ముందు గొంతుక్కూర్చుని కాసేపు విని, పెట్టది అయిదున్నర శ్రుతి అని చెప్పి మళ్ళీ పాఠంలో కూర్చున్నారు.

నవంబర్ 21

పొద్దున నాలుగు పిల్లలు తలలు వేలేసి నిలబడ్డాయి. వెనక భాగం అంటుకుపోయి ఉంది. అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి ఆటోలో వెళ్ళాను. అక్కడి కాంపౌండరు ఏం పెట్టారని అడిగాడు. చంటిపిల్లలకు మా ఇంట్లో ఏది అరుగుతుందో అదే పెట్టాను. మెత్తగా పిసికిన పెరుగన్నం, చిటికెడు ఇంగువ.

“కోడిపిల్లకి ఇంగువేటండమ్మా” అని అతను నవ్వడం మొదలుపెడితే లోపలున్న డాక్టరు గారు కూడా బయటకు వచ్చి విషయం కనుక్కుని నవ్వారు. తర్వాత శ్రద్ధగానే చెప్పారు. గోరువెచ్చని నీళ్ళలో దూది తడిపి మెల్లగా తుడవాలి. పొడి నూకలు, మెత్తగా ఆడించిన మొక్కజొన్న. రాత్రి గంపలో బల్బు వెలగాలి. వెచ్చదనం తగ్గితే ఇవి బతకవు.

తుడిచాను. మూడు లేచాయి. ఒకటి నా అరచేతిలోనే మెడ వాల్చేసింది. దాన్ని ఏ జబ్బూ చంపలేదు. నా పెరుగన్నం చంపింది.

నవంబర్ 24

కోళ్ళను ఊడ్చేసే కొక్కెర తెగులు రాకుండా కంట్లో టీకా చుక్కలు వేయించాను. ఎనిమిదీ కళ్ళు చికిలించి నన్నే చూశాయి.

నవంబర్ 27

గద్ద ఒకదాన్ని తన్నుకుపోయింది. నేను దండెం మీద బట్టలు తీస్తున్నాను. రెండడుగుల దూరంలో జరిగింది. కెవ్వుమన్నాను తప్ప ఏమీ చేయలేకపోయాను.

దానమ్మకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ఆమె తిట్టలేదు. ఎర్రది ఉందా అని మాత్రం అడిగింది. ఉంది. గంప కింద మెత్తగా ఉంటుందని పరిచి ఇచ్చిన గోనెసంచి విప్పమంది. విప్పితే లక్ష్ముడి పాత వల. “సముద్రంలో సేపకి పనికొచ్చింది, ఆకాశంలో గద్దకి పనికిరాదేటి” అంది.

ఆయన నిచ్చెనెక్కి కరివేపాకు చెట్టు నుంచి నూతి గట్టు దాకా వల కట్టారు.

నవంబర్ 28

వలకు చేపల వాసన. వీధిలో ఉన్న పిల్లులన్నీ తెల్లవారేసరికి మా గోడెక్కి వరసగా కూర్చున్నాయి. ఒక ఆపద తప్పించుకోబోయి పది ఆపదలను పిలిచాను.

వల విప్పించి కుంకుడుకాయ పులుసులో నానబెట్టి, తలంటినట్టు రుద్ది, చింతపండు నీళ్ళలో ముంచి ఆరేశాను. సాంబ్రాణి కూడా పట్టమంటావా అని ఆయన అడిగారు. మళ్ళీ నిచ్చెన చూపించాను.

డిసెంబర్ 6

పిల్లలు ఎదగడం లేదు. ఎండుచేపల పొడి కలిపి పెట్టమని ఫోన్లో దానమ్మ. అది మా ఇంట్లో కుదరదన్నాను. “అయితే సెదలెట్టు” అంది.

మా కట్టెల గదిలో పాత దూలానికి చెద పట్టి ఉంది. పుట్టమన్ను పెళ్ళగించి పెరట్లో వేశాను. పిల్లలు మీద పడి తిన్నాయి. ఎర్రది అన్నిటికన్నా ముందు. చెదలు ప్రాణులు కావా హైమా, అని ఆయన కిటికీలోంచి అడిగారు.

ఇవాళ చాలా పనుంది. ఈ ప్రశ్న తర్వాత చూస్తాను.

డిసెంబర్ 20

మధ్యాహ్నం పాఠం జరుగుతుండగా ఆయన వయొలిన్ కమాను చేత్తో పట్టుకుని పెరట్లోకి పరుగెత్తారు. వెనకాల ఇద్దరు శిష్యులు. నేను వెళ్ళేసరికి గోడ మీది పిల్లి అవతలికి దూకేసింది.

ఎలా తెలిసిందంటే, పెట్ట అరుపు మారిందన్నారు. పైనుంచి గద్ద వస్తే సన్నగా ఒక్క స్వరం లాగుతుందట, నేల మీద పిల్లి వస్తే టకటకా కొడుతుందట. నేను నెలరోజులుగా దాని పక్కనే ఉన్నాను. నాకు రెండూ కోడి అరుపులే.

జనవరి 9

ఇప్పుడు తేడాలు తెలుస్తున్నాయి. ఎర్రది పుంజే. బూడిదరంగుది కూడా పుంజే. తక్కినవి పెట్టలు.

బూడిద ఆయన్ను వదలదు. పాఠం మొదలుకాగానే లోపలికి వచ్చి ఆయన పాదం మీద కూర్చుంటుంది. వర్ణం రెండో కాలం పట్టేసరికి నిద్రపోతుంది. కొత్తగా చేరిన పిల్ల కౌముది, మాస్టారూ, మేం తాళం తప్పితే వీడు లేస్తాడా అని అడిగిందట. తప్పక లేస్తాడు, అందుకే నీ పాఠంలో పడుకోడు అన్నారట.

ఎర్రదాన్ని నేను ఒళ్ళోకి తీసుకోను. అది అమ్మవారి సొమ్ము. ఒకరి సొమ్ము మన దగ్గరుంటే జాగ్రత్త చేయాలి గానీ ముద్దు చేయకూడదు. అందుకని ముద్దంతా బూడిదకు పోతోంది.

ఎర్రది, బూడిద, నల్లపెట్ట అని గుర్తు కోసం రాసుకుంటున్నాను. ఇవి రంగులు. పేర్లు కావు.

జనవరి 17

ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగున్నారు. దానమ్మ ఫోన్లో ఏడుస్తూ, నవ్వుతూ, మళ్ళీ ఏడుస్తూ చెప్పింది. “గుంట తెల్లగా వెన్నముద్దలాగున్నాదమ్మా.” పెట్టేసే ముందు అడిగింది. “ఎర్రోడు ఎలాగున్నాడు?”

బాగున్నాడన్నాను. పరమాన్నం వండి సూర్యనారాయణ మూర్తికి చూపించాను. గిన్నె కడుగుతూ పెరట్లోకి చూశాను. ఎర్రది చెత్త కెలుక్కుంటోంది. దానికేం తెలుసు.

ఫిబ్రవరి 4, రథసప్తమి

రాయలేను.

ఫిబ్రవరి 5

నిన్న అరసవల్లి అంతా జనం. గుడి నుంచి మా సందు చివరి దాకా లైను. ఆయన కచేరీకి వెళ్ళారు, నేను దర్శనానికి. తిరిగి రావడానికి మధ్యాహ్నం దాటింది. స్నానాలగది తూము గుండా ముంగిస దూరింది. నాలుగు పెట్టపిల్లలు పోయాయి. తినను కూడా తినలేదు, కొరికి పడేసి పోయింది.

పెట్ట ఒళ్ళంతా రక్తం. ఈకలు ఊడిన రెక్కల కింద ఎర్రదీ, బూడిదా, ఒక నల్లపెట్టా. ఎదిగిన పిల్లలు రెక్కల కింద పట్టవు. అయినా ఎలాగో పట్టించింది.

పైకి వల కట్టాను. కిందికి చూడలేదు. ఇవాళ తూముకు ఇనుప జాలీ బిగించి సిమెంటు పెట్టించాను. పెట్ట గాయాలకు పసుపు, వేపనూనె.

ఫిబ్రవరి 19

ఎర్రదాని ముఖం మీద పొక్కులు. అమ్మవారు పోసింది, మందు వేయకూడదని ఎదురింటి వాళ్ళు. దోమల వల్ల వచ్చే జబ్బని డాక్టరు గారు. ఇద్దరి మాటా విన్నాను. గంపలో వేపాకు పరిచాను, గంప చుట్టూ దోమతెర కట్టాను. బూడిదనూ నల్లపెట్టనూ వేరు చేశాను.

కళ్ళు రెండూ మూసుకుపోయాయి. గింజ కనపడదు కనుక తినదు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో పూటకోసారి కళ్ళు కడిగి, గంజి చుక్కలు చుక్కలుగా పోస్తున్నాను. ఒళ్ళో పెట్టుకోకపోతే తాగడం లేదు. పెట్టుకోక తప్పలేదు.

ఫిబ్రవరి 23

నా అడుగు వినపడితే ముక్కు తెరుస్తోంది.

కత్తికి ఇవ్వడానికి ఇంత చేస్తున్నానా అని మధ్యాహ్నం ఒక్కసారి అనిపించింది. అప్పుడు గంజి చెంచా నా చేతిలోనే ఉంది. పోశాను.

మార్చి 1

కుడికన్ను తెరిచింది. ఎడమది పోయింది.

మార్చి 2

దానమ్మకు ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

దానమ్మ వచ్చింది. పాపకు మూడో నెల, రాణి కోలుకుంది, అందరూ ఊరికి వచ్చేశారు. ఫోటోలు చూపించింది. మజ్జిగ తాగింది. అప్పుడు పెరట్లోకి నడిచాం.

ఎర్రదాన్ని చూసి ఆగిపోయింది. పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పింది. నేను జరిగింది చెప్పాను. తప్పు పట్టలేదు, అమ్మోరు పోసినాక బతకడమే గొప్ప అంది. కానీ అవయవం లోపించిన కోడి మొక్కుకు పనికిరాదట. “అమ్మోరు నాకు రెండు కళ్ళున్న గుంటనిచ్చింది. ఆవిడకి ఒంటికన్నోడినివ్వనా?”

న్యాయమే.

తర్వాత చుట్టూ చూసింది. బూడిద అప్పుడే లోపలి నుంచి, ఆయన పాదం మీంచి లేచి వస్తోంది. మెడ నిగనిగలాడుతోంది. “ఈడున్నాడు కదా” అంది దానమ్మ. “ఈడు ఆడికంటే బాగున్నాడు. మంగళారం వొచ్చి అట్టుకెల్తాను.”

నేను తల ఊపాను. ఊపానా? ఊపే ఉంటాను.

ఏప్రిల్ 14

ఆయన ఇవాళ పాఠం చెప్పలేదు. దానమ్మను ఒక మాట అడగరాదా అన్నారు. ఏమని అడగను. కోడి ఆమెది. మొక్కు ఆమెది. ఆ మొక్కు వెనకున్న బిడ్డ ఆమె మనవరాలు. ముందు కాన్పుకు ఖాళీ చేతులతో ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి. ఇందులో నాది నూకలు మాత్రమే.

ఎర్రదాన్ని దూరం పెట్టి, బూడిదతో భయం లేదనుకుని ముద్దు చేశాను. ఎక్కడ జాగ్రత్త పడలేదో అక్కడే దెబ్బ తగిలింది.

సాయంత్రం బూడిదకు చెదలు పెట్టాను. చేత్తోనే తినిపించాను.

ఏప్రిల్ 15, మంగళవారం

ఉదయం ఎనిమిదింటికి దానమ్మ కొత్త గంపతో, పసుపు రాసిన తాడుతో వచ్చింది. బూడిద ఆమెకు దొరకలేదు. నూతి గట్టెక్కింది, అక్కణ్ణుంచి వల మీదికి ఎగిరి కాలు ఇరికించుకుంది. లాగితే విరిగేటట్టుంది. దానమ్మ కింద నిలబడి, “దిగరా ఒరే, నీ ఒయ్యారం సాలు” అని అరుస్తోంది. అది ఇంకా గింజుకుంటోంది. ఆయన లోపల తలుపు వేసుకున్నారు.

నేను పిలవకపోతే కాలు పోయేది. అప్పుడు అమ్మవారికీ పనికిరాదు, దానికి కాలూ ఉండదు. ఇచ్చేదేదో సరిగ్గా ఇవ్వాలనుకున్నాను. పిలిచాను.

“బూడిదా.”

గింజుకోవడం ఆపింది. మెల్లగా కాలు తప్పించుకుని కిందికి దూకి, దానమ్మను దాటుకుని వచ్చి నా చీర కుచ్చిళ్ళ దగ్గర నిలబడింది. నేను వంగి రెండు చేతులతో ఎత్తి దానమ్మ ముందు పట్టాను.

దానమ్మ గంప తెరవలేదు. “ఏటన్నావు?” అంది.

ఏమీ అనలేదన్నాను.

“పేరెట్టీసినావు.”

పేరు కాదు, రంగు అన్నాను.

“పిలిస్తే వొచ్చింది కదా.”

వచ్చిందన్నాను.

“అయితే పేరే.” గంప నేల మీద పడేసి నూతి గట్టు మీద కూలబడింది. “ఒక్క మాట సెప్పినాను నీకు. ఒక్కటంటే ఒక్కటి. నా మనవరాలికే ఇంకా పేరెట్టనేదు, నువ్వు కోడికెట్టీసినావు!” చాలాసేపు తిట్టింది. అందులో సగం నాకు అర్థం కాలేదు, కాకపోవడమే మంచిది. అయినా దీన్ని తీసుకెళ్ళు దానమ్మా, నేనేమీ అనుకోను అన్నాను. “నువ్వనుకోవు. పేరున్నోడిని కోసిన సెయ్యి నాది అవుతాది. గుంటని ఏ సేత్తో ఎత్తుకోను?” అంది.

కాసేపటికి ఎర్రదాని వైపు చూసి, దీనికీ ఉందా అని అడిగింది. ఎర్రది అని పిలుస్తామన్నాను. నుదురు కొట్టుకుంది.

మజ్జిగ తాగాక పసుపు గుడ్డ ముక్క, ఒక రూపాయి అడిగింది. ముడుపు కట్టింది. పెట్ట మళ్ళీ పొదిగి, అందులో పుంజు ఎదిగేదాకా అమ్మవారిని గడువు అడుగుతుందట. “ఆవిడా పిల్లల్ని పెంచిందే. ఇంటాది.” పెట్ట మాత్రం నా దగ్గరే ఉండాలి. వాళ్ళ ఊళ్ళో కొక్కెర తెగులు తిరుగుతోంది. “ఈసారన్నా మనిసిలాగ పెంచు” అని వేలు చూపించి వెళ్ళింది.

లోపల తలుపు తీసుకుంది. కాసేపటికి వయొలిన్ వినపడింది. బూడిద నా చేతుల్లోంచి దూకి లోపలికి పోయింది.

మే 4

దానమ్మ తెచ్చిన గుడ్ల మీద పెట్ట పొదుగు కూర్చుంది. కొత్తగా పెట్టే గుడ్లతో కలిసిపోకుండా ఒక్కోదాని మీద పెన్సిలుతో నంబరు వేశాను.

సాయంత్రం ఆయన గంపలోకి తొంగి చూసి, నాలుగు ఎలా ఉంది హైమా అని అడిగారు.

నంబరు పేరు కిందికి వస్తుందా? రేపు దానమ్మను అడగాలి.