జెండాకి బదులు

ఏమండీ,

రేపు రైల్వే క్వార్టర్ ఖాళీ చేస్తున్నాం. మీరు పోయి ఏడాదైంది, ఇంక ఉండనివ్వరు కదా. సామాను కడుతుంటే వెనక తలుపు పక్కన మేకుకి మన ఆకుపచ్చ తువ్వాలు కనిపించింది.

గతౌరా స్టేషన్ వైపు నుంచి మీ గూడ్సు బండి వచ్చినప్పుడల్లా చివరనున్న బ్రేక్‌వ్యాన్‌లోంచి మీరు పచ్చజెండా చూపించేవారు. పెరట్లోంచి నేనీ తువ్వాలు ఊపితే ఇంట్లో అంతా బాగున్నట్టు. "బదులు రాలేదంటే ఏటో తేడా ఉన్నట్టే. కనబడినంత దూరం చూస్తూ ఉండాల," అని మీ గార్డుల పద్ధతి చెప్పేవారు.

ఆ రోజు మా తమ్ముడి పెళ్లికి మీరు సెలవు పెట్టలేదని పొద్దున్నే మాటా మాటా అనుకున్నాం. మధ్యాహ్నం మీరు జెండా చాపారు. తువ్వాలు నా చేతిలోనే ఉంది, ఎత్తలేదు. బండి వంపు తిరిగేదాకా మీరు బయటికి వంగి చూస్తూనే ఉన్నారు. ఆ డ్యూటీలోనే మీ గుండె ఆగిపోయింది.

ఇందాక అదే బండి వచ్చింది. ఎవరో కొత్త గార్డు మన పెరటి వైపు జెండా చాపాడు.

"అమ్మా, ఆ అంకుల్ కౌన్ హై?" అంది మన పద్మ.

"నాకూ తెలీదే. మీ నాన్న దగ్గర పని నేర్చుకున్నాడేమో."

తువ్వాలు ఎత్తి ఊపాను. అతను తలూపి, జెండా చుట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. అంతే. అంత చిన్న పని.

వంపు దగ్గర మీరు మాత్రం ఇంకా వంగి చూస్తూనే ఉన్నారు. రేపటి నుంచి ఈ పెరట్లో వేరేవాళ్లుంటారండీ. ఇంక లోపలికి వెళ్లండి.