రెండు కంపెనీలూ ఒకే మాట చెప్పిన రోజు

నవంబరు 3, సోమవారం

మామూలు ఉదయమే. చీకటితో లేచి ముగ్గు వేశాను. తులసికి నీళ్ళు పోశాను. నాయన వరండాలో కూర్చుని చేతి అద్దంలో చూసుకుంటూ నామం దిద్దుకున్నాడు. ఎనభై దాటినా గీత వంకర పోదు. కాఫీ తాగాడు. తాగిన గ్లాసు పక్కనే ఉండగా, ఇంకా కాఫీ ఇవ్వలేదేమని అడిగాడు. ఇంకో అరగ్లాసు ఇచ్చాను. ఈ మధ్య రోజూ ఇంతే.

అప్పుడు నా ఫోనులో సందేశం. ‘మీ నమ్మకమే మాకు ముఖ్యం. మా నిబంధనలు మారాయి.’

అందరూ చదవకుండా నొక్కేస్తారట. నేను పారాయణ అలవాటున్నదాన్ని. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చదివాను. కుక్కరు కూతలు అయిపోయినా ‘మా భాగస్వాములు’ అనే అధ్యాయం పూర్తి కాలేదు. ఇంట్లో పెళ్ళికి కూడా అంతమందిని పిలవలేదు మేము. చివర రెండు మీటలు. ‘అంగీకరిస్తున్నాను.’ ‘తర్వాత గుర్తు చేయి.’ వద్దు అనే మీట లేదు.

నాతోనే ఉండే చెల్లెలు వకుళకు చూపించాను. ట్రస్టు ఆఫీసులో పనిచేస్తుంది, లోకం తెలిసినది.

“ఇష్టం లేకపోతే నా కంపెనీకి వచ్చేయక్కా. పోటీ ఉండాది కదా. పోటీ ఉంటే మనకే లాభం.”

“నీ కంపెనీ నిబంధనలు చదివినావా?”

“అవి ఎవురు చదువుతారు?”

మా ఇంట్లో పోటీ వల్ల కలిగిన లాభం ఇది. నాయన మతిమరుపుతో రెండుసార్లు దారి తప్పాడు. చిత్తూరులో ఉండే తమ్ముడు సంపత్కుమార్ తన ఫోను కంపెనీ గుండీ ఒకటి తెచ్చి నాయన చిల్లర సంచిలో వేశాడు. రూపాయి బిళ్ళంత ఉంటుంది. అది ఎక్కడ ఉంటే అక్కడ సంపత్ ఫోనులో చుక్క వెలుగుతుంది. వకుళ ఫోను ఇంకో కంపెనీది కాబట్టి అందులో వెలగదు. అందుకని వకుళ తన కంపెనీ గుండీ కొని నాయన గొడుగుకు కట్టింది. అది సంపత్‌కు కనపడదు. కంపెనీలు రెండూ కోర్టులో కొట్లాడుకుంటున్నాయని పేపర్లో చదివాను. ఇక్కడ మాత్రం మా నాయనను సంచి ఒకరికీ గొడుగు ఒకరికీ అని పంచుకున్నాయి.

చాలు. ఒక మండలం పాటు రెంటికీ దూరం.

నవంబరు 4, మంగళవారం

సంకల్పం చెప్పుకున్నాను. మండలం నెగ్గితే గోవిందరాజస్వామి హుండీలో ముడుపు వేస్తానని మొక్కాను.

నియమాలు:
మ్యాపు వద్దు.
అడిగినదానికల్లా బదులు చెప్పే ఆ యంత్రపు పిల్ల వద్దు.
వీడియోలు వద్దు, ప్రవచనమైనా సరే.
ఫోను మాట్లాడటానికి మాత్రమే.

పసుపులో తడిపి ఆరేసిన గుడ్డ సిద్ధం. ముడుపు నాణెం పెద్దల చేతి మీదుగా వస్తే మంచిదని నాయనను అడిగాను. సంచిలో చాలాసేపు తడిమి నా అరచేతిలో పెట్టాడు.

“ఇంద. కొత్త బిళ్ళ. బాగా బరువుండాది.”

కళ్ళద్దాలు వంటింట్లో ఉన్నాయి. కళ్ళకద్దుకుని, మూడు ముళ్ళు వేసి, పెరుమాళ్ళ పాదాల దగ్గర పెట్టాను.

మనసు తేలికైంది.

నవంబరు 5, బుధవారం

పొద్దున ముడుపుకు కుంకుమ పెడుతుంటే బల్లి పలికింది. సత్యం అని నేల తట్టాను. ఇంతకంటే ఏం కావాలి?

ఫోను పక్కన పెట్టాక రోజుకు ఎంత వెడల్పు! మధ్యాహ్నమే రేపటి కూరగాయలు కూడా తరిగేశాను.

నవంబరు 6, గురువారం

ఒక సంగతి కనిపెట్టాను. తోడబుట్టినవాళ్ళ నంబర్లు కూడా నాకు నోటికి రావు. అన్నీ ఫోనుకే తెలుసు, ఫోను కంపెనీది. నాయనకు కనీసం నా నంబరైనా రావాలి. దీపం పెట్టాక పాశురం పాడే రాగంలో పది అంకెలూ చెప్పాను. తల ఊపుతూ అందుకున్నాడు.

“కడాన ఐదా, ఏడా?”

“ఏడు నాయనా.”

“మరి సాగదీసి పాడు. ముగింపు తెలియాల గదా.”

ముప్పై ఏళ్ళు రేణిగుంట బడిలో తెలుగు చెప్పిన మనిషి. రాగం తప్పితే ఊరుకోడు.

మళ్ళీ బల్లి పలికింది.

నవంబరు 8, శనివారం

రెండు పెద్ద కంపెనీలే కాదు, చిన్నది ఒకటి కూడా ఉందట. ‘మేము వాళ్ళలాంటి వాళ్ళం కాము’ అని వాళ్ళే రాసుకున్నారు. నిబంధనలు ఒక్క పేజీ. వద్దు అనే మీట కూడా ఉంది. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి.

మొక్కింది రెండు పెద్దవాటి సంగతే. చిన్నదాని మ్యాపును ఫోనులో పెట్టుకున్నాను. నియమభంగం కాదు.

నవంబరు 11, మంగళవారం

చిన్న కంపెనీ నుంచి సందేశం. ‘మేము ఒక పెద్ద కుటుంబంలో చేరుతున్నామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.’

కుటుంబం ఏదో చూశాను. వకుళ కంపెనీ.

“మంచి సంబంధమే కదక్కా,” అంది వకుళ, దోసె తిరగేస్తూ. “మనింటోళ్ళే.”

కింద రాసి ఉంది, ‘మీ నమ్మకమే మాకు ముఖ్యం’ అని. వాళ్ళ ఇంటిపేరు లాగుంది ఆ మాట. ఎవరు ఎవరింటికి వెళ్ళినా మారదు.

నవంబరు 15, శనివారం

ఏకాదశి. అన్నం మాని ఉప్మా తిన్నాను. ఉపవాసమే.

వకుళ ఫోనులో ప్రవచనం చూశాను. ఫోను ఆమెది, చెయ్యి ఆమెది, నేను తాకలేదు. ఇదీ ఉప్మా లాంటిదే.

సాయంత్రం ఉప్మా ఇంకొంచెం. కొత్త కంటి డాక్టరు ఎక్కడున్నాడో వకుళ ఫోను మ్యాపులో చూసి ఇద్దరం వెళ్ళాము. ఇల్లు చేరేసరికి వకుళ ఫోనులో కళ్ళద్దాల ప్రకటనలు బారులు తీరాయి.

ఇంకొక అలవాటు కూడా పడింది. నాయన ఏ గదిలో ఉన్నాడో వకుళ ఫోనులో చూసుకుంటున్నాను. లేచి వెళ్ళడం కంటే చుక్కను చూడటం సులువు. నాయన క్షేమం కోసమే కాబట్టి లెక్కలోకి రాదు.

నవంబరు 16, ఆదివారం

పారణ అయింది. వకుళ ఫోను ముందు పెట్టుకుని ప్రవచనం వింటున్నాను. వకుళ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఫోను తాకాను, రాయక తప్పదు. మధ్యలో నాయన గుర్తొచ్చి చుక్క చూశాను. ఇంట్లోనే. ప్రవచనం పూర్తి చేశాను.

తర్వాత కాఫీ తీసుకెళ్తే గదిలో లేడు. పెరట్లో లేడు. మేడమీద లేడు. గొడుగు మేకుకు వేలాడుతోంది, వకుళ కంపెనీ గుండీతో సహా.

సంపత్‌కు ఫోను చేశాను.

“ఇంట్లోనే ఉండాడక్కా. పూజగది కాడ చూపిస్తాండాది.”

“ఇల్లంతా వెతికినా. లేడు.”

“చుక్క అబద్ధం చెప్పదక్కా.”

“అయితే నేను చెప్తానా?”

ఏ కోర్టులోనూ ఒక్క మాట మీద కలవని రెండు కంపెనీలూ ఈరోజు ఒకే మాట చెప్పాయి. మా నాయన ఇంట్లో ఉన్నాడని.

వకుళ స్కూటరు వేసుకుని బస్టాండు వైపు వెళ్ళింది. నేను గడపలో నిలబడ్డాను. నోట్లో పెరుమాళ్ళ పేరు, చేతిలో ఫోను. వీధిలో ఏ ముసలాయన వచ్చినా నాయనే అనిపించింది. చిన్న చెంబు కూడా పట్టుకుపోలేదు, ఎండలో దాహమేస్తే ఎవరిని అడుగుతాడు? ఊరి పేరు గుర్తుంటుందా?

చాలాసేపటికి ఏదో కొత్త నంబరు నుంచి ఫోను.

“అక్కా, రేణిగుంట నుంచి ఫకృద్దీన్‌ను. బడి ఎదురుగా బ్యాగుల అంగడి. సారు దగ్గర చదువుకున్నా. సారు మా అంగడి కాడ ఉండాడు.”

గడప మీదే కూర్చున్నాను.

“బాగుండాడా?”

“బాగుండాడక్కా. బడి ఎందుకు మూసినారని నన్ను తిడతాండాడు. ఆదివారం సార్ అంటే, సాకులు చెప్పొద్దురా అంటాడు.”

“నా నంబరు ఎట్లా దొరికింది నాయనా?”

“సారే పాడినాడక్కా. కడాన ఏడు బాగా లాగి పాడినాడు. నేను ఫోనులో కొడతా ఉంటే, ముందు కాగితం మీద రాయరా అని గద్దించినాడు.”

వకుళ వెళ్ళి తీసుకొచ్చింది. మజ్జిగ ఇచ్చాను. తాగి, ఇంకా ఇవ్వలేదేమని అడిగాడు. ఇంకో గ్లాసు నిండా ఇచ్చాను.

సాయంత్రం సంపత్ చిత్తూరు నుంచి వచ్చాడు. చెప్పులు విడిచి, ఫోను ముందుకు చాచి, అందులో బాణం చూపిన వైపే నడిచాడు. హాలు దాటాడు. పూజగదిలోకి వెళ్ళి పెరుమాళ్ళ ముందు ఆగాడు. ఫోనులో ఏదో నొక్కాడు.

బల్లి పలికింది.

“సత్యం,” అని నేల తట్టాను.

“అక్కా,” అన్నాడు సంపత్, “బల్లి కాదు.”

పసుపు ముడుపు ఇంకోసారి పలికింది. వకుళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటకు వెళ్ళిపోయింది.

“ఆ బిళ్ళ నేనే ఇచ్చినా,” అన్నాడు నాయన. “మంచి బిళ్ళ.”

“నా ఫోనుకు దూరంగా ఉంటే అప్పుడప్పుడు అదే అట్లా కూస్తాది. విప్పక్కా,” అన్నాడు సంపత్.

“మొక్కు తీరకుండా విప్పకూడదు.”

“మొక్కు ఏంది?”

“మండలం కంపెనీల జోలికి పోకూడదని.”

“పోలేదా?”

“ఉప్మా తినింది,” అని వకుళ బయటి నుంచి.

రాత్రి భోజనానికి ముందే అందరం కూర్చుని మాట్లాడుకున్నాము. సంపత్ మూడో కంపెనీ గుండీ కొందామన్నాడు. అది రెండు రకాల ఫోన్లలోనూ కనపడుతుందట. వకుళ సరేనంది. నేనూ సరేనన్నాను, ఈ మధ్యాహ్నం గడపలో నిలబడ్డదాన్ని, వద్దనే ధైర్యం లేదు. నా ఫోనులోనే కొన్నారు. ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట వచ్చింది. చదవకుండా నొక్కాను.

మిగతా నిర్ణయాలు ఇవి. రోజూ కాఫీ తర్వాత నాయన ఎటు వెళ్దామంటే అటు, మాలో ఒకరు చెయ్యి పట్టుకుని నడవాలి. ఆదివారం ఆ పని సంపత్‌ది. రేణిగుంట తీసుకెళ్ళాలి, ఫకృద్దీన్ అంగడిలో కాసేపు కూర్చోబెట్టాలి. సంపత్, వకుళ నంబర్లకు కూడా రాగం కట్టబోతే నాయన ఒప్పుకోలేదు. “పెద్దదానిది చాలు. అది ఎత్తుతాది,” అన్నాడు.

నా మొక్కు రేపు మళ్ళీ మొదటి నుంచి. ఈసారి ఉప్మా కూడా లేదు. అది తీరేదాకా ముడుపు విప్పకూడదని తేలింది. అప్పటివరకు సంపత్ కంపెనీ లెక్కలో మా నాయన పెరుమాళ్ళ పాదాల దగ్గరే ఉంటాడు. తీరాక హుండీలో ఉంటాడు.