గుండ్రాయి మీద నీళ్లు

బార్మేర్ పెట్రోలు బావుల కాడ నుంచి

నాయనకు దండాలు. నువ్వు ఫోను ఎత్తడం లేదు, అందుకే కార్డు రాస్తున్నాను.

"మీ మిషన్ అంత లోతుకు పోయి నూనె తీస్తాంటే, మనమూ ఇంకా లోతుకు పోతే నీళ్లు రావా ఏమప్పా?" అని అడిగావు కదా. రావు నాయనా. ఇక్కడ ఒకప్పుడు భూమి చీలి కుంగిపోయిందంట. ఆ పల్లంలో చెరువుల బురద, ఏర్ల ఇసుక పొరలు పొరలుగా నిండి రాయి అయ్యాయంట. ఆ ఇసుకరాయి సందుల్లోనే నూనె ఉండేది. నిన్న బావి అడుగు నుంచి తీసిన ఎండు ఇసుకరాయి ముక్క మీద నీళ్లు పోస్తే గుటుక్కున తాగేసింది. ఊరిమిండి పచ్చడి నూరుకోమని అమ్మ ఇచ్చిన మన పెనుకొండ గుండ్రాయి మీద పోస్తే, అన్నీ జారి నేలపాలయ్యాయి. మన చేను కింద ఎంత లోతుకు పోయినా ఆ గుండ్రాయే.

నాలుగో బోరు వద్దు. దానికోసం అవ్వ గొర్రెలు అమ్మొద్దు. టెంకాయ పట్టుకుని నీళ్లు చూపేవాడు వస్తే, ఆ టెంకాయ తీసుకెళ్లి కదిరి సామికి కొట్టు. చెల్లెలు వనిత కాలేజీకి పోతోందా? అవ్వ కంట్లో మందు వేస్తున్నారా?

నా మాట వినవని తెలుసు. ఈ కార్డు చేరేలోపే బోరుబండి చేన్లో తెల్ల రాతిదుమ్ము లేపి ఉంటే, దీన్ని అవ్వకు చదివి వినిపించొద్దు.

నీ కొడుకు
కుళ్లాయప్ప