వామాకు వైద్యం, వేలం గొంతు

సోమవారం
మదనపల్లె టమోటా మార్కెట్లో రైతుల సరుకుకు వేలం పాడేది నేను. గొంతు పోతే పని పోయినట్టే. ఈ రోజు పాటకు బదులు దగ్గు వచ్చింది. డాక్టరు సిగరెట్ మానమన్నాడు. మానేశాను!
సాయంత్రానికి మా అత్త గోవిందమ్మ కుప్పం నుంచి వామాకు కుండీతో దిగింది. ఆవిడ లెక్కలో ఆ ఆకు దగ్గుకు, జలుబుకు, అజీర్ణానికి, చివరికి దిష్టికి కూడా మందే. సిగరెట్ గుర్తొచ్చినప్పుడల్లా ఒక ఆకు నమలాలట.

మంగళవారం
నమిలాను. ఘాటు ముక్కులోంచి నడినెత్తికెక్కింది. సిగరెట్ ఊసే లేదు. పక్క మండీలో పాడే శివకుమార్‌కు సిగరెట్ మానమని ఉపన్యాసమిచ్చి, వాడి నోట్లోనూ ఒక ఆకు కుక్కాను. నా పాట గేటు దాకా వినిపించింది!

బుధవారం
చీకటి పడ్డాక ఆకు కోయబోతే అత్త చెయ్యి పట్టుకుంది.
"పొద్దు మునిగినాక చెట్టు నిద్రపోతాదప్పా. లేపితే పాపం."
పెద్దల మాట కాదనకూడదు. ఆకు లేదు కాబట్టి ఒక్క సిగరెట్. తప్పు చెట్టుది.

గురువారం
చెట్టు మధ్యాహ్నం కూడా కునుకు తీస్తుందేమోనని అనుమానం. లేపలేదు. రెండు సిగరెట్లు.

శుక్రవారం
వాన. నా భార్య కీర్తి వామాకు బజ్జీలు వేసింది. శనగపిండిలో ముంచితే మాత్రం మందు కాకుండా పోతుందా? పళ్ళెం ఖాళీ. బజ్జీల మీద టీ. టీ మీద సిగరెట్. వాసన పోవాలని కుండీలో మిగిలిన ఆకులన్నీ నమిలేశాను. మేక గానీ వచ్చిందా అని అత్త అడిగింది. వచ్చిందన్నాను.

శనివారం
అత్త కుప్పం బస్సెక్కింది. బస్సు మలుపు తిరగకముందే వెలిగించాను.

సోమవారం
వేలం మధ్యలో నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు. రైతులంతా నా నోటి వంకే చూస్తున్నారు. శివకుమార్ వచ్చి నా బదులు పాడాడు. బాగా పాడాడు. నాకు భయమేసింది అందుకే.
కలికిరి రైతు రంగప్ప నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "మా పంట మీ గొంతు మీద ఉండాది సామీ. దాన్ని యాల కాల్సుకుంటాండారు?"
జేబులోంచి కనిపిస్తున్న సిగరెట్ పెట్టెను లోపలికి నొక్కాను.

మంగళవారం
వారం రోజులు మాట్లాడొద్దని డాక్టరు. కీర్తి అంతా వాళ్ళమ్మకు చెప్పేసి, ఫోన్ నా చెవికి ఆనించింది.
"ఇంకో కుండీ తెస్తాండాను. ఈ తూరి నేనూ మీ ఇంట్లోనే ఉంటా, మానేదాకా. సరేనా అప్పా?"
వద్దనడానికి నోరు తెరిచాను. గాలి వచ్చింది.
"అట్లే," అని అత్త ఫోన్ పెట్టేసింది.
ఈ రోజు నుంచి సిగరెట్ బంద్.